జాగింగ్‌లో స్మార్ట్‌వాచీ గుండె వేగం 175 చూపిస్తుంటే ముందు చూడాల్సింది పట్టీని, అడుగుల లెక్కని

మీరు చెప్పినవి మూడు ఇబ్బందులు. పక్కవాళ్లతో హాయిగా మాట్లాడగలిగేంత మెల్లగా జాగింగ్ చేస్తున్నా వాచీ గుండె వేగం నిమిషానికి 170, 175 అని చూపిస్తోంది. అదే 30 సెకన్ల పాటు ఊపిరాడకుండా పరిగెత్తితే 120 దాటడం లేదు. పట్టీ ఇంకా బిగించి చూస్తే చేతి మీద గాడి పడింది తప్ప అంకెలు మారలేదు. వాచీ పాడైందా, వేరేది కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఈ మూడింటికీ కారణాలు వేర్వేరు. మొదటిదీ మూడోదీ చాలావరకు వాచీ పెట్టుకునే తీరుతోనే సర్దుకుంటాయి. రెండోది మాత్రం మణికట్టుకు ఎంత ఖరీదైన వాచీ పెట్టినా పూర్తిగా పోయేది కాదు.

ముందు ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. వాచీకి గుండె కొట్టుకోవడం తెలియదు. చర్మం కింద రక్తం కాస్త పెరగడం, కాస్త తగ్గడం మాత్రమే దానికి తెలుసు. వెనకవైపు వెలిగే ఆకుపచ్చ ఎల్ఈడీలు చర్మంలోకి వెలుగు పంపుతాయి, పక్కనే ఉన్న సెన్సర్ తిరిగొచ్చిన వెలుగును కొలుస్తుంది. ఆకుపచ్చ వెలుగును రక్తం బాగా పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టిన ప్రతిసారీ సన్న రక్తనాళాల్లోకి రక్తం వచ్చి తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చెబుతుంది. ఈ పద్ధతినే పీపీజీ అంటారు. చిక్కంతా ఎక్కడుందంటే, తిరిగొచ్చే వెలుగులో నాడి వల్ల మారేది నూటికి ఒకటో రెండో వంతులు, చాలాసార్లు అంతకూ తక్కువే. మిగిలినదంతా చర్మం, కండ, ఎముక, కదలకుండా ఉన్న రక్తం. వాచీ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఊగినా, అంచు కింద నుంచి ఎండ దూరినా, వచ్చే మార్పు నాడి మార్పు కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఛాతీకి కట్టే పట్టీ అలా కాదు, అది గుండె పుట్టించే విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది. అందుకే దాని బలాలూ వేరు, తప్పులూ వేరు.

ఇక చోటు సంగతి. మణికట్టు దగ్గర చిటికెనవేలు వైపు బుడిపెలా ఒక ఎముక పైకి తేలి ఉంటుంది. ఎక్కువమంది వాచీని సరిగ్గా దాని మీదే పెట్టుకుంటారు, ఎందుకంటే మామూలు వాచీ అలవాటు అదే. ఎముక మీద కూర్చున్న వాచీ తక్కెడలా అటూ ఇటూ వాలుతుంది. ఒక పక్క సెన్సర్ చర్మాన్ని నొక్కుతుంటే ఇంకో పక్క గాలి ఆడుతుంది. రోజంతా పెట్టుకునేటప్పుడు ఆ బుడిపె దాటి మోచేతి వైపుకి కనీసం ఒక వేలు వెడల్పు జరపండి. వ్యాయామానికి రెండు వేళ్లు, మణికట్టు బాగా సన్నగా ఉన్నవాళ్లు మూడు వేళ్ల దాకా జరపొచ్చు. అక్కడ కండ కొంచెం మందంగా, కాస్త చదునుగా ఉంటుంది. చేయి వెనక్కి వంచినా వాచీ అంచు అరచేతి వెనక భాగానికి తగిలి ఎగరదు.

ఒక చిన్న మెలిక ఉంది. ముంజేయి పైకి వెళ్లేకొద్దీ లావవుతుంది. ఎముక దగ్గర సరిపోయిన రంధ్రమే రెండు వేళ్లు పైకి జరిపితే బిగుతవుతుంది. అక్కడ సరిగ్గా ఉండేలా కట్టుకుని బయల్దేరితే, చెమట పట్టాక వాచీ నెమ్మదిగా సన్నటి వైపుకి జారి వదులవుతుంది. పది నిమిషాల తర్వాత రీడింగ్ చెడిపోయే కేసుల్లో చాలా వరకు ఇదే జరుగుతుంది. మీరేమో ఎముక మీదే ఉంచి బిగించి ఉంటారు, గాడి పడింది అందుకే కావచ్చు. ఎముక మీద ఎంత బిగించినా ఆ ఊగుడు పోదు, పైగా ఆ ఒత్తిడికి చర్మంలోని సన్న నాళాలు నలిగి రక్తం రావడమే తగ్గుతుంది. అంటే వాచీ వెతుకుతున్న సంకేతాన్ని మీ చేత్తో మీరే చిన్నది చేస్తున్నట్టు. బిగించినకొద్దీ మంచిదనుకోవడం ఇందుకే తప్పు.

ఎంత బిగుతు ఉండాలో తెలుసుకోవడానికి కొలత కంటే పరీక్షలు నయం. వేలితో వాచీని పక్కకు నెట్టండి. వాచీతో పాటు కింది చర్మం కూడా కదలాలి. చర్మం నిలబడి వాచీ ఒక్కటే జారితే వదులు. తర్వాత చీకటి గదిలో వ్యాయామం మోడ్ ఆన్ చేసి చేతిని పక్క నుంచి చూడండి. అంచుల కింద నుంచి ఆకుపచ్చ వెలుగు బయటికి చిమ్ముతుంటే, ఆ సందులోంచే ఎండ లోపలికి వస్తుందన్నమాట. మణికట్టును పైకీ కిందికీ వంచి కూడా చూడండి, చాలాసార్లు నిటారుగా ఉన్నప్పుడు కనబడని సందు వంచినప్పుడు కనబడుతుంది. ఆఖరుది పరుగు ముగిశాక: వాచీ తీసినప్పుడు పలచటి ముద్ర పడి కొద్ది నిమిషాల్లో పోతే సరిగ్గా ఉంది. లోతైన గాడి, వేళ్లలో తిమ్మిరి, వేళ్లు ఉబ్బడం ఉంటే ఎక్కువైంది. పరుగు అయిపోగానే ఒక రంధ్రం వదులు చేయండి. వ్యాయామం బిగుతు రోజంతా ఉండాల్సిన పని లేదు, కింద చెమ్మ నిలిచి చర్మం ఎర్రబడటం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పట్టీ రకం కూడా తేడా తెస్తుంది. వాచీతో పాటు వచ్చే సిలికాన్ పట్టీలో రంధ్రాల మధ్య దూరం కొందరికి అస్సలు సరిపడదు, ఒక రంధ్రం వదులు, తర్వాతిది బిగుతు. అలాంటివాళ్లకు సాగే గుణమున్న నైలాన్ వెల్క్రో పట్టీ పెద్ద మార్పు. ఎంత కావాలంటే అంతే బిగించొచ్చు, జారినా చేతితో పాటు సాగి అంటిపెట్టుకుంటుంది. చెమట పీలుస్తుంది కాబట్టి తరచూ ఉతకాలి. లోహపు గొలుసు పట్టీ వ్యాయామానికి పనికిరాదు. వాచీ బరువు, మందం పెరిగేకొద్దీ ప్రతి అడుగుకీ ఊగుడు పెరుగుతుంది, అందుకే సన్న మణికట్టు మీద పెద్ద వాచీ కంటే తేలికపాటి బ్యాండ్ ఒక్కోసారి మెరుగ్గా కొలుస్తుంది.

ఇప్పుడు మీ 175 సంగతి. పరిగెత్తేటప్పుడు నిమిషానికి పడే అడుగులు చాలామందికి 160 నుంచి 180 మధ్య ఉంటాయి. ప్రతి అడుగుకీ వాచీ ఓసారి అదురుతుంది, ముంజేతిలోని రక్తం కూడా ఓసారి కుదుపుకి లోనవుతుంది. సెన్సర్‌కు చేరే వెలుగులో ఇప్పుడు రెండు లయలున్నాయి: ఒకటి గుండెది, ఇంకోటి కాళ్లది. వాచీలోని యాక్సిలరోమీటర్ కదలికను కొలిచి, ఆ లయను తీసేయడానికి ప్రోగ్రాం ప్రయత్నిస్తుంది. నాడి సంకేతం బలంగా ఉంటే అది కుదురుతుంది. వాచీ వదులుగా ఉన్నా, చేయి చల్లగా ఉన్నా నాడి సంకేతం బలహీనపడి, అడుగుల లయే గుండె లయ అని వాచీ పొరబడుతుంది. దీన్నే కేడెన్స్ లాక్ అంటారు, కేడెన్స్ అంటే నిమిషానికి పడే అడుగుల లెక్క. ఒకసారి పట్టుకుందంటే నిమిషాల తరబడి వదలదు.

ఇది అదేనా కాదా అన్నది యాప్‌లోనే తేలుతుంది. ఆ పరుగు తెరిచి హార్ట్ రేట్ గ్రాఫ్‌నీ కేడెన్స్ గ్రాఫ్‌నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రెండూ రెండు మూడు అంకెల తేడాతో అంటుకుని నడుస్తుంటే సందేహం లేదు. కొన్ని యాప్‌లు ఒక కాలి అడుగులే లెక్కేసి 85 అని చూపిస్తాయి, వాటిని రెట్టింపు చేసి పోల్చండి. ఇంకో గుర్తు గ్రాఫ్ ఆకారం. నిజమైన గుండె వేగం జాగింగ్ మొదట్లో వంపు తిరిగి ఎక్కుతుంది. 130 దగ్గరున్నది పది సెకన్లలో 172కి గెంతి, అక్కడ బల్లపరుపుగా నిలబడితే అది గుండె చేసే పని కాదు. మీరు ఎక్కడైనా ఆగినప్పుడు ఏం జరిగిందో కూడా చూడండి. అడుగులు ఆగీ ఆగగానే అంకె నిలువునా పడిపోయిందంటే అది అడుగుల అంకె. గుండె అంత తొందరగా దిగదు. ఇక్కడ ఒక జాగ్రత్త. బాగా కష్టపడి పరిగెత్తేవాళ్లకు నిజంగానే గుండె 170, అడుగులు 170 కావచ్చు. రెండు లయలూ కలిసిపోయిన ఆ చోట ఏ ప్రోగ్రామూ విడదీయలేదు. మాట్లాడగలుగుతున్నారన్నారు కాబట్టి మీది ఆ కేసు కాదు.

పరుగు మధ్యలో లాక్ పడిందని అనిపిస్తే వాచీ రీస్టార్ట్ చేయక్కర్లేదు. ఆగి, వాచీని మళ్లీ రెండు వేళ్లు పైకి జరిపి, చేయి కదపకుండా 20, 30 సెకన్లు నిలబడండి. అడుగుల లయ లేనప్పుడు అది గుండెను మళ్లీ పట్టుకుంటుంది. తర్వాత నడకతో మొదలుపెట్టి వేగం పెంచండి. వాచీ ఉన్న చేతిలో ఫోన్, నీళ్ల సీసా పట్టుకోకండి. పిడికిలి బిగించిన కొద్దీ ముంజేతి కండలు కదిలి అదురు ఎక్కువవుతుంది.

లాక్ అసలు పడకుండా చూడటంలో సగం పని పరుగుకు ముందే ఉంది. చల్లగా ఉన్న చేతిలో చర్మపు నాళాలు ముడుచుకుంటాయి, సంకేతం సన్నబడుతుంది. మొదటి ఐదు పది నిమిషాల రీడింగ్‌లు పిచ్చిగా ఉండి తర్వాత సర్దుకుంటున్నాయంటే కారణం ఎక్కువగా ఇదే. బయల్దేరడానికి పది నిమిషాల ముందే వాచీ కట్టుకుని సరైన చోట ఉంచండి, చలిగా ఉంటే పొడుగు చేతుల చొక్కా దాని మీదికి లాగండి, చేతులు ఊపుతూ చురుగ్గా నడవండి. వ్యాయామం స్క్రీన్ తెరిచాక స్టార్ట్ వెంటనే నొక్కకండి. చాలా వాచీల్లో గుండె బొమ్మ వెతుకుతున్నంతసేపు మినుకుమినుకుమంటుంది, దొరికాక నిలకడగా వెలుగుతుంది. అది నిలబడి, అంకె మీ నడకకు తగ్గట్టు కనిపించాకే మొదలుపెట్టండి.

మీ రెండో ఇబ్బంది, ఇంటర్వెల్స్, అంటే కాసేపు వేగంగా పరిగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ పరిగెత్తడం. ఇందులో రెండు ఆలస్యాలు కలిసి ఉన్నాయి. గుండే వెంటనే ఎక్కదు. 30 సెకన్ల పరుగులో అది శిఖరానికి చేరకముందే మీరు ఆగిపోతారు, ఆగాక కూడా కొన్ని సెకన్లు ఎక్కుతూ ఉండొచ్చు. దాని మీద వాచీ కొన్ని సెకన్ల సంకేతాన్ని కలిపి సగటు తీశాకే అంకె చూపిస్తుంది, వేగం మారినప్పుడల్లా కదలిక లయ కూడా మారి మళ్లీ వెతుక్కుంటుంది. అందుకే మీరు ఆయాసపడుతూ నిలబడ్డాక అంకె ఎక్కడం కనబడుతుంది. చిన్న ఇంటర్వెల్స్‌ని వేగంతోనో, శ్రమ ఎంతనిపించిందన్న దానితోనో నడిపించండి. మూడు నాలుగు నిమిషాల ఇంటర్వెల్స్ అయితే ఆఖరి నిమిషపు రీడింగ్‌ని నమ్మొచ్చు. అంతకంటే కచ్చితంగా కావాలంటే ఛాతీ పట్టీ ఒక్కటే దారి.

బరువులెత్తడంలో తప్పు తలకిందులుగా వస్తుంది: రొప్పుతున్నా 95 చూపిస్తుంది. బార్ గట్టిగా పట్టుకోగానే సెన్సర్ కింద స్నాయువులు ఉబ్బి కదులుతాయి, రక్తం రాక తగ్గుతుంది. పుషప్స్‌లో మణికట్టు వెనక్కి విరిగి వాచీ లేస్తుంది, కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) ఏకంగా వాచీ మీదే వాలుతుంది. మణికట్టు దగ్గర దీనికి మందు లేదు. పోలార్ వెరిటీ సెన్స్ లాంటి, భుజానికీ మోచేతికీ మధ్య కట్టుకునే బ్యాండ్లు ఇదే ఆకుపచ్చ వెలుగుతో పనిచేసినా అక్కడ కదలిక తక్కువ, కండ ఎక్కువ, కాబట్టి చాలా మెరుగు. సైకిల్ మీద హ్యాండిల్ పట్టు, రోడ్డు అదురు రెండూ కలిసి చెడగొడతాయి, ఇంట్లో ఉన్నచోటే ఉండే వ్యాయామ సైకిల్ మీద అదే వాచీ బాగానే కొలుస్తుంది. ఈతలో సెన్సర్‌కీ చర్మానికీ మధ్య నీరు దూరుతుంది. అక్కడ ఛాతీ పట్టీకీ ఒక హద్దుంది: బ్లూటూత్ సంకేతం నీళ్లలో కొద్ది దూరం కూడా పోదు, అందుకని పోలార్ హెచ్10 లాగా పట్టీలోనే రికార్డు చేసుకునే రకం కావాలి.

చర్మం గురించి. పచ్చబొట్టు ఉన్న చోట సిరా వెలుగును అడ్డుకుంటుంది, ఏ సెట్టింగూ దాన్ని దాటలేదు, రెండో చేతికి మార్చడమే. చామనఛాయ, నలుపు చర్మంలో మెలనిన్ కొంత ఆకుపచ్చ వెలుగును తానే పీల్చుకుంటుంది. వాచీ ఎల్ఈడీల కాంతి పెంచి సర్దుకోవాలని చూస్తుంది గానీ, వదులు పట్టీని తట్టుకునే వెసులుబాటు తగ్గుతుంది, కాబట్టి ఆ చర్మమున్నవాళ్లు చోటు, బిగుతు విషయంలో ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. ఒత్తుగా వెంట్రుకలుంటే సెన్సర్ పైకి లేచి ఉంటుంది. సన్‌స్క్రీన్, లోషన్, దోమల మందు రాసుకుంటే ఆరాక వాచీ పెట్టుకోండి, వెనక అద్దం మీద పొర కడితే మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. కొన్ని దోమల మందులు ప్లాస్టిక్‌ను కూడా తినేస్తాయి. పిన్నుతో గీకడం, గరుకు గుడ్డతో రుద్దడం వద్దు, అద్దం మీద గీతలు పడితే వెలుగు చెదురుతుంది.

ఎక్కువ రాయని చేతికే పెట్టుకోండి, యాప్‌లో కుడి ఎడమ ఏదో సరిగ్గా ఎంచండి. పరుగుకు తప్పకుండా రన్నింగ్ మోడ్ ఎంచి స్టార్ట్ నొక్కాలి. చాలా వాచీలు మామూలు సమయంలో బ్యాటరీ కోసం మధ్యమధ్య ఆగి ఆగి కొలుస్తాయి, వ్యాయామం మోడ్‌లోనే ఎడతెరిపి లేకుండా చూస్తాయి. పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. ఇవన్నీ చేసినా కుదరని ఎముకల మణికట్టు ఉన్నవాళ్లు వాచీని లోపలివైపుకి, నాడి చూసే పక్కకి తిప్పి ఒకటి రెండు పరుగులు ప్రయత్నించొచ్చు. కొందరికి అక్కడ బాగా అతుకుతుంది, ఇంకొందరికి అక్కడి స్నాయువులే అడ్డం. చేసి చూస్తేనే తెలుస్తుంది.

సరిచేశాక ఎంత నమ్మొచ్చో కొలిచి చూసుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వాచీ లేని చేతి బొటనవేలి వైపు నాడిని చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి పట్టుకోండి. నిమిషం నిండా లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే, ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది. వాచీకీ దీనికీ రెండు మూడు తేడా ఉంటే చాలు. కూర్చున్నప్పుడు సరిపోయిందని పరుగులోనూ సరిపోతుందనుకోకండి, ఆ పరీక్షకు ఎవరి దగ్గరైనా ఛాతీ పట్టీ ఓ రోజుకి అడిగి తీసుకోండి. దాన్ని వాచీకి జత చేయొద్దు. జత చేస్తే చాలా వాచీలు తమ సెన్సర్ పక్కన పెట్టి పట్టీ అంకెలే రాసుకుంటాయి, అప్పుడు మీరు పట్టీని పట్టీతోనే పోల్చినట్టవుతుంది. పట్టీని ఫోన్‌లోని వేరే యాప్‌తో రికార్డు చేసి, తర్వాత రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. సగటు చూసి తృప్తిపడకండి. ముందు పది నిమిషాలు ఎక్కువ, తర్వాత తక్కువ చూపించినా సగటు చక్కగా కలిసిపోతుంది. ఎక్కేచోట, దిగేచోట గీతలు కలిసి నడుస్తున్నాయా అన్నదే అసలు పరీక్ష.

ఛాతీ పట్టీ కూడా తప్పు చేస్తుంది. కట్టుకునే ముందు దాని ఎలక్ట్రోడ్లను (చర్మానికి తగిలి విద్యుత్తును పట్టే భాగాలను) నీళ్లతో తడపాలి, పొడిగా కడితే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలొస్తాయి. వదులైన సింథటిక్ చొక్కా రాపిడికి పుట్టే విద్యుత్తు కూడా గెంతులు వేయిస్తుంది. వాడాక కడిగి, సెన్సర్ ఉన్న బిళ్లను పట్టీ నుంచి విప్పి ఆరబెట్టాలి, లేదంటే తడి వల్ల అది ఆన్‌లోనే ఉండి బ్యాటరీ తాగుతుంది.

ఇప్పటిదాకా చేరిన తప్పు అంకెల్ని కూడా శుభ్రం చేయండి. వాచీ మీ గరిష్ఠ గుండె వేగాన్ని తనంతట తానే పెంచే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, ఒక్క తప్పుడు 198 చాలు, జోన్‌లన్నీ (గుండె వేగాన్ని బట్టి శ్రమను విడదీసే అంచెలు) పక్కకు జరిగిపోతాయి, ఆక్సిజన్ సామర్థ్యం, శ్రమ లెక్కలూ వాటితో పాటు తప్పుతాయి. ఆ సెట్టింగ్ ఆపి అంకెను చేత్తో వేయండి. 220లోంచి వయసు తీసేసే సూత్రం సగటు మనిషిది, విడిగా ఒక్కొక్కరికి అటో ఇటో పది పన్నెండు తేడా ఉండటం మామూలే, కాబట్టి అది తాత్కాలికంగా వేసుకోవడానికే.

ఒకటి మాత్రం పట్టీతో పోయేది కాదు. గుండె లయ తప్పే జబ్బుల్లో కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా చేరవు, అప్పుడు వాచీ నిజంగానే తక్కువ లెక్కిస్తుంది. కూర్చుని ఉన్నా అంకె చాలా ఎక్కువగా ఉండి, వేళ్లతో లెక్కపెట్టినా అదే వస్తే, లేదా నాడి గతి తప్పుతూ తగిలితే డాక్టరుకు చూపించండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, పడిపోతున్నట్టు ఉండటం తోడైతే అంకెలు చూస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్లండి.

మీరైతే రేపటి జాగింగ్‌కి రెండే మార్చండి: వాచీని ఎముక దాటి రెండు వేళ్లు పైకి జరిపి, ఇప్పటికంటే ఒక రంధ్రం వదులుగా పెట్టుకుని చర్మం కదిలే పరీక్ష చేయండి, పది నిమిషాలు చురుగ్గా నడిచి, గుండె బొమ్మ నిలబడ్డాక స్టార్ట్ నొక్కండి. ఇంటికొచ్చి కేడెన్స్ గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. మూడు పరుగుల తర్వాత కూడా రెండు గీతలూ అంటుకునే ఉంటే నైలాన్ పట్టీకి మారండి. అప్పటికీ విడిపోకపోతే కొత్త వాచీకి పెట్టే డబ్బు ఛాతీ పట్టీకో, పై చేతి బ్యాండ్‌కో పెట్టండి, మీ వాచీ బయటి హార్ట్ రేట్ సెన్సర్లను తీసుకుంటుందో లేదో మాత్రం కొనేముందే సెట్టింగ్స్‌లో చూసుకోండి.